ఉల్లి లారీకి ఏమిస్తారు?

డబ్బే లేని లోకమైతే ఎంత బాగుండును అనే మాట, విశాఖ పూర్ణా మార్కెట్‌లో సంచీ పట్టుకుని నిలబడితే సగం నిజమే అనిపిస్తుంది. వాడుక కొట్లో పద్దు రాసుకుంటారు. ముఖం తెలిసిన కూరలమ్మ కరివేపాకు కొసరు వేస్తుంది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయి, చెలామణీలో ఉన్న సొమ్ము విలువలో 86 శాతం చెల్లకుండా పోయినప్పుడు ఊరూరా చిల్లర బేరాన్ని ఈ అరువే ఆదుకుంది. అయితే ఆ పద్దులు కూడా రూపాయల్లోనే రాశారు.

డబ్బు ఊసే లేకుండా చేయబోయినవాళ్లు అర్జెంటీనాలో ఉన్నారు. 1995 మే 1న బ్యూనస్ ఎయిర్స్ శివారు బెర్నాల్‌లో ఇరవై మంది దాకా ఇరుగుపొరుగువాళ్లు వస్తుమార్పిడి సంఘం పెట్టుకున్నారు. ఒకరు రొట్టెలు తెస్తే ఒకరు బట్టలు కుట్టారు. లెక్క మొదట పుస్తకంలో, తర్వాత 'క్రెడిటో' చీటీల్లో. 2001 డిసెంబరులో ప్రభుత్వం బ్యాంకుల్లోని డబ్బు తీయకుండా కట్టడి చేసింది. లక్షల మంది ఈ సంఘాల్లోకి వచ్చిపడ్డారు.

అక్కడే బండి కూరుకుపోయింది. పాత బట్టలూ ఇంటి వంటలూ గుట్టలు. గోధుమపిండి, చక్కెర, నూనె మాత్రం దొరకవు. పిండి తెచ్చేవాడు మిల్లుకు అక్కడి డబ్బు, పెసోలే కట్టాలి మరి. మిల్లువాడు క్రెడిటోలేం చేసుకుంటాడు? చీటీలు ఎడాపెడా అచ్చయ్యాయి, దొంగచీటీలూ కలిశాయి. 2002 చివరికి చాలా సంఘాలు మూతపడ్డాయి.

మన వీధుల్లో పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె బేరం ఇంకా నడుస్తోందంటే, ఆ చీరలు మరోచోట డబ్బుకు అమ్ముడుపోతాయి గనకే.

డబ్బు లేని ఏర్పాటు మన పల్లెలకు కొత్తేమీ కాదు. బట్టలుతికినవారికి, క్షవరం చేసినవారికి, నాగలి చెక్కినవారికి కళ్లంలో ధాన్యం మేర కొలిచేవారు. దాన్ని మురిపెంగా తలుచుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పని మానేస్తాననే వీలు ఆ కొలతలో లేదు. తండ్రి పనే కొడుక్కి. చేతిలో రూపాయి పడ్డాకే చాలామందికి పట్నం దారి దొరికింది.

డబ్బు వద్దనే మిత్రులారా, ఓ తెల్లవారుజామున పూర్ణా మార్కెట్‌కి రండి. మహారాష్ట్ర ఉల్లి వేసుకొచ్చిన లారీ డ్రైవరుకి మీరెవరో తెలియదు. తిరుగు ప్రయాణం డీజిలుకు అతనికేమిస్తారో ముందు అది చెప్పండి.