పోర్ట్ అంటే ఓడలొక్కటే కాదు

వైజాగ్‌లో ‘పోర్ట్‌లో ప్రాబ్లమ్’ అంటే ఎవరైనా ముందు ఓడల గురించే అనుకుంటారు. 1933లో మొదలైన రేవు మరి! కానీ ఈ వారం మనం మాట్లాడుకునే పోర్ట్ అగ్గిపెట్టె కంటే చిన్నది. ఆఫీసు గోడ మీది నెట్‌వర్క్ స్విచ్‌కి వరసగా కన్నాలుంటాయే, వాటిలో ఒక్కోటీ ఒక పోర్టే. ‘వైఫైలో బతికేవాళ్లం, మాకెందుకు’ అనకండి. మీ వైఫై డబ్బా వెనక వైరు కూడా ఏదో ఒక పోర్ట్‌లోనే దిగుతుంది.

మా పిన్ని కొడుకు డిప్లొమా చేసి, గాజువాక వైపు ఒక లారీ యార్డులో కాంట్రాక్టు మీద కంప్యూటర్లు చూస్తున్నాడు. అక్కడ కాటా దగ్గరి పాత కంప్యూటర్ నుంచి తూకం రశీదు, లారీ ఫొటో ఆఫీసు సర్వర్‌కి వెళ్తేనే గేటు పాస్. పాత స్విచ్ తీసి కొత్తది పెట్టిన రోజు నుంచి ఒక్కో ఫొటోకి నిమిషాలు పట్టేది. బయట లారీల లైను, హారన్లు. లోపల మేనేజర్ గారి అరుపులు. కేబుల్ రెండుసార్లు మార్చారు. ఉప్పు గాలికి కనెక్టర్లు పాడయ్యాయన్నారు (మన ఊళ్లో అదీ నమ్మదగ్గ మాటే). ఆఖరికి ‘నీకు పని రాదు, నెలాఖరుకి మానేయ్’ అన్నారు. రాత్రి నాకు ఫోన్. ‘అన్నయ్యా, పింగ్ బాగానే వస్తంది. ఫొటో పంపితేనే ఆగిపోతంది. ఏటి చెయ్యాలి?’

పింగ్ బాగుంది, ఫైల్ మాత్రం కదలదు అంటే ముందు అనుమానించాల్సింది డ్యూప్లెక్స్‌ని.

డాల్ఫిన్స్ నోస్ పక్కన ఇన్నర్ హార్బర్‌లోకి వెళ్లే ఇరుకు దారి చూశారా? పెద్ద ఓడ లోపలికి వస్తుంటే, బయటికెళ్లేది ఆగాలి. అది హాఫ్ డ్యూప్లెక్స్. హైవే మీద లాగా వచ్చేవి వస్తూ, వెళ్లేవి వెళ్తూ ఉంటే ఫుల్ డ్యూప్లెక్స్. వైరుకి రెండు వైపులా ఉన్నవాళ్లు ‘నాకు ఈ స్పీడు వచ్చు, నాకు ఫుల్ వచ్చు’ అని ముందే మాట్లాడుకునే పద్ధతి 1995లో స్టాండర్డ్‌లోకి వచ్చింది. దాని పేరు ఆటో నెగోషియేషన్.

కాటా కంప్యూటర్‌లో ఎవరో ఎప్పుడో ‘100, ఫుల్’ అని గట్టిగా బిగించేశారు. పాత స్విచ్‌లోనూ అదే ఉండటంతో ఇన్నేళ్లూ నడిచింది. కొత్త స్విచ్ ఏమో ఆటో. అది పలకరిస్తే అవతలి నుంచి జవాబు లేదు. సిగ్నల్‌ని బట్టి స్పీడు 100 అని తెలుసుకోగలదు గానీ, డ్యూప్లెక్స్ తెలుసుకోలేదు. అలాంటప్పుడు హాఫ్‌కి దిగమని స్టాండర్డే చెబుతుంది. ఒకరు హైవే అనుకుంటున్నారు, ఇంకొకరు ఇరుకు కాలువ అనుకుంటున్నారు. పింగ్‌లో ఒకటి వెళ్లాక ఒకటి వస్తుంది కాబట్టి గుద్దుకోవు. ఫొటో వెళ్తున్నప్పుడు డేటా అటు, ‘అందింది’ అనే జవాబులు ఇటు ఒకేసారి నడుస్తాయి. స్విచ్ దాన్ని యాక్సిడెంట్ అనుకుని సగంలో ఆపేస్తుంది.

సిస్కో స్విచ్‌లో ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్’ కొట్టించాను. ఆ పోర్ట్ ఎదురుగా ‘ఎ-హాఫ్’ అని ఉంది. లేట్ కొలిజన్ల అంకె కళ్ల ముందే పెరుగుతోంది. కాటా కంప్యూటర్‌ని ఆటోకి మార్చాడు, అంతే. ఫొటో టక్కున వెళ్లిపోయింది. మేనేజర్ గారు సారీ చెప్పలేదు గానీ, నెలాఖరు మాట మళ్లీ ఎత్తలేదు.

రెండు వైపులా ఆటో, లేదా రెండు వైపులా ఒకే సెట్టింగ్. నా ఓటు ఆటోకే. రాగి వైరు మీద గిగాబిట్ కావాలంటే ఆటో తప్పనిసరి కూడా. గిగాబిట్ రావాల్సిన చోట 100కి పడిపోతే మాత్రం సెట్టింగ్‌ని తిట్టకండి, కేబుల్ చూడండి. 100కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ బాగుండాలి.

ఇంకో మాట. దూరం నుంచి లాగిన్ అయి, మీరు వచ్చిన పోర్ట్‌నే మారుస్తున్నారా? ముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టండి. కనెక్షన్ తెగిపోయినా పది నిమిషాల్లో స్విచ్ పాత సెట్టింగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’, ఆ తర్వాత ‘రైట్ మెమరీ’. ఈ ఆఖరిది మర్చిపోతే కరెంటు పోయి వచ్చేసరికి మార్చిందంతా గోవిందా. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరికి కరెంటు గురించి నేను చెప్పాలా?