మసక గెలాక్సీల లెక్క

కోమా గెలాక్సీ గుచ్ఛం మనకు 30 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. ఖగోళ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా జల్లెడ పట్టిన చోటు అది. కృష్ణ పదార్థం ఉండి తీరాలని 1933లో ఖగోళవేత్త ఫ్రిట్జ్ జ్వికీ తేల్చింది అక్కడి గెలాక్సీల వేగాలు చూసే. అలాంటి చోట 2015లో 47 మసక గెలాక్సీలను గుర్తించారు. ఫొటోగ్రాఫర్లు వాడే కానన్ 400 మిల్లీమీటర్ల లెన్సులు ఎనిమిదింటిని ఒకచోట బిగించిన ‘డ్రాగన్‌ఫ్లై’ పరికరం చేసిన ఘనకార్యమిది!

విస్తీర్ణంలో ఇవి పాలపుంతకు తీసిపోవు. నక్షత్రాలు మాత్రం అందులో నూరో వంతు, కొన్నింట ఇంకా తక్కువ. నీళ్ల మజ్జిగలా అంత పలచన. గుచ్ఛంలోని అంత రద్దీలో, చుట్టూ ఉన్నవాటి గురుత్వాకర్షణకు చెదిరిపోకుండా ఎలా నిలిచాయి? కంటికి కనిపించని ఆ కృష్ణ పదార్థమే పట్టి ఉంచుతోందన్నది ఒక వాదన. డ్రాగన్‌ఫ్లై 44 అనే గెలాక్సీ బరువు పాలపుంతంత ఉంటుందని 2016లో ఒక పరిశోధక బృందం అంది. తర్వాతి కొలతల్లో అది బాగా తగ్గింది. తమ లెక్కను తామే దిద్దుకున్న ఆ బృందాన్ని మెచ్చుకోవాలి.

జపాన్ వారి సుబారు టెలిస్కోపు పాత చిత్రాలను తిరగేస్తే అదే గుచ్ఛంలో ఇలాంటివి 854 దొరికాయి. అన్నీ భద్రపరిచిన చిత్రాల్లో ఉన్నవే. ఇప్పుడు చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ పదేళ్ల సర్వే వంతు. ఆకాశపు నేపథ్య వెలుగును తీసేసే సాఫ్ట్‌వేర్ ఇలాంటి గెలాక్సీలనూ తుడిచేసే ప్రమాదముంది. అందుకే శుద్ధి చేయని చిత్రాలను కూడా దాచి, పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచాలి.