సగం గూడు అంటే వదిలేసింది కాదు

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, తాతయ్యవాళ్ల ఊళ్లో కూర్చున్న వానాకాలం అది. పొలం గట్టున పాత మోటబావి ఉంది. దాని మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాడి గూళ్లు. కొన్నిటికి కింద పొడవాటి గొట్టం వేలాడుతోంది. కొన్ని మాత్రం బోర్లించిన గిన్నెల్లా సగంలో ఆగిపోయి ఉన్నాయి. ఈ సగంవి ఎలాగూ వదిలేసినవే కదా అనుకుని, దోటీతో ఒకదాన్ని కోసేశా. రూమ్‌లో లైటుకి తగిలిస్తే భలే ఉంటుందని. ఫొటో తీసి స్టేటస్ పెట్టా. లైకులు బాగానే వచ్చాయి.

తాతయ్య చూసి ఒకే మాట అన్నాడు. "ఒరే, కడుతున్న ఇంటిని కూల్చుకొచ్చావు కదరా!"

అప్పుడది చాదస్తం అనిపించింది. తాతయ్య చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది. తెలిసింది సలీం అలీ గురించి చదువుతుంటే.

ఆయన పేరు పోటీ పరీక్షల బిట్లలో మనందరం చదివిందే. 'బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఇండియా'. బిట్లలో ఉండని సంగతి ఏంటంటే, ఆయన కూడా ఒకప్పుడు నిరుద్యోగే. బొంబాయిలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేస్తూ, సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి అసలు ఆ పోస్టే లేదు! నిధుల్లేవని తీసేశారు. అప్పటికి ఆయనకి 34వ ఏడు నడుస్తోంది. భార్య తెహ్మీనాతో కలిసి అలీబాగ్ దగ్గర కిహీమ్ అనే సముద్రతీర పల్లెకి మారిపోయారు.

అక్కడ ఇంటికి దగ్గర్లోనే గిజిగాళ్ల కాలనీ ఉంది. చేతిలో బోలెడంత ఖాళీ టైమ్. మాటు వేసి కూర్చుని, ఏ మగపిట్ట ఏ గూడు కడుతోంది, ఆడపిట్ట ఎప్పుడొచ్చింది, ఎటెళ్లింది అని ఓపిగ్గా రాసుకున్నారు. ఆ నోట్సే 1931లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో వ్యాసమై వచ్చింది. ఆ వెంటనే 1931-32లో ఆయన చేసిన పెద్ద పని ఏంటో తెలుసా? మన నిజాం హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే.

ఇంతకీ కిహీమ్‌లో ఆయన చూసిందేంటి?

గూడు కట్టేది మగపిట్ట. అది గూడంతా ఒకేసారి కట్టేయదు, సగంలో ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి లోపలికెళ్లి చూసుకుంటుంది. నచ్చకపోతే వెళ్లిపోతుంది. నచ్చిందా, అప్పుడు మగపిట్ట గుడ్ల అర, గొట్టం పూర్తి చేస్తుంది. ఆడపిట్ట గుడ్లు పెట్టాక అయ్యగారు పక్కనే ఇంకో గూడు మొదలెడతారు, ఇంకో ఆడపిట్ట కోసం! అంటే సగం గూడు వదిలేసిన గూడు కాదు. పెళ్లిచూపులకి సిద్ధమైన గూడు.

పరిశోధకులు ఈ దశని 'హెల్మెట్' అంటారు. చూస్తే నిజంగా అలాగే ఉంటుంది. ఇక్కడిదాకా రావడానికే దాదాపు 8 రోజులు. మొత్తం గూటికి సుమారు 18 రోజులు. గడ్డి, తాటాకు, వరి ఆకుల నుంచి పోచలు చీల్చి తేవడానికి ఒక్క గూటికి 500 సార్ల దాకా తిరుగుతుంది.

ఇంకో విషయం. గిజిగాడు గూట్లో మట్టిముద్ద పెట్టి, దానికి మిణుగురుల్ని అంటించి దీపం పెట్టుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. మీ ఇంట్లోనూ చెప్పే ఉంటారు. దీపాలు కథగానే మిగిలాయి కానీ, మట్టి మాత్రం నిజం. హెల్మెట్ దశలోనే మగపిట్ట లోపలి గోడకి తడిమట్టి పూస్తుంది. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని కొందరు పరిశోధకుల అంచనా.

ఇది చదివి లేచి వెళ్లి, నా గూటిని లైటు నుంచి దింపి లోపల వేలు పెట్టి చూశా. గోడకి ఎండిన మట్టి తగిలింది. అంటే ఆ గూడు రెడీ అయిపోయింది. ఇక ఆడపిట్ట రావడమే తరువాయి. అప్పుడు నేను కోసుకొచ్చా. నేనూ ఆ రోజుల్లో రెజ్యూమేలు పంపి ఫోన్ కోసం ఎదురు చూస్తున్నవాణ్నే. నా ఇంటర్వ్యూ రోజే ఎవరో నా సర్టిఫికెట్లు పట్టుకుపోయి గోడకి తగిలించుకుంటే ఎలా ఉండేదో!

పోయిన శ్రావణంలో అదే బావి దగ్గరికెళ్లా. ఈసారి దోటీ లేదు. దూరంగా గట్టు మీద కూర్చుని, ఫోన్ జూమ్ చేసుకుంటూ, రోజూ పొద్దున ముప్పావు గంట. ఒక్క గూటినే పట్టుకున్నా. తలమీద పసుపు టోపీ పెట్టుకున్న మగపిట్ట. ఆడపిట్ట కనపడగానే గూటికి వేలాడుతూ రెక్కలు టపటపా కొట్టి, చిట్‌చిట్‌మని ఒకటే గోల. మొదటి రోజు ఇద్దరొచ్చి చూసి వెళ్లిపోయారు. రెండో రోజు ఎవరూ రాలేదు. మూడో రోజు వాన. నాలుగో రోజు ఒకావిడ లోపలికెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. అయిదో రోజుకి గొట్టం మొదలైంది. నేను గట్టు మీద ఒక్కణ్నే కూర్చుని చప్పట్లు కొట్టబోయి ఆగా.

ఇదే ఫీల్డ్ రీసెర్చ్‌లో మొదటి మెట్టు. ఒకే చెట్టు, ఒకే టైమ్, చూసింది చూసినట్టు రాసుకోవడం. ఈబర్డ్ యాప్‌లో మీరు పెట్టే లిస్టుల్ని శాస్త్రవేత్తలు నిజంగానే వాడుకుంటారు. ఏటా ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం పావుగంట చూసి లెక్క పెట్టినా చాలు. గూడు కనిపిస్తే మాత్రం దగ్గరికెళ్లకండి, కొమ్మ వంచకండి, డ్రోన్ ఎగరేయకండి. రీల్ పెడితే చెట్టు ఎక్కడుందో చెప్పకండి.

ఈ వానాకాలం మీ ఊళ్లో గిజిగాడి చెట్టు కనిపిస్తే సగం గూళ్లెన్ని, గొట్టం ఉన్నవెన్ని లెక్కపెట్టండి. వారం తర్వాత మళ్లీ లెక్కపెట్టి నాకు రాయండి.

నా గూడు ఇప్పుడు పుస్తకాల అలమరలో ఉంది. వచ్చినవాళ్లు "అబ్బ, ఎక్కడ కొన్నావ్?" అని అడుగుతారు. కొనలేదు, ఒకడి ఎనిమిది రోజుల కష్టం అది అని చెప్తున్నా.