పిల్లలకు ముఖాలు చదవడం నేర్పాలా?

"మా అబ్బాయికి అయిదేళ్ళు. ఎదుటివాళ్ళు విసుక్కుంటున్నా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నా వాడికి పట్టదు. ఇటువంటివి పిల్లలకు నేర్పడం సాధ్యమేనా?" అని వొక సోదరి అడిగారు. "పెద్దయితే వాడికే తెలుస్తుందిలే" అంటున్నారట అత్తగారు. ఆవిడ మాటలో సగం నిజముంది. మిగతా సగం గురించి ఈ వారం నాలుగు మాటలు చెప్తాను.

పిల్లలు అక్షరాలకన్న ముందే ముఖాలు చదువుతారు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏడాది పిల్లలతో జరిపిన వొక పరీక్ష వివరాలు 1985లో ప్రచురించారు. బల్లమీద గట్టి గాజుపలక పరిచి, సగం దూరం తరువాత దానికింద గొయ్యి వున్నట్టు కనిపించేలా అమర్చారు. పాకుతూ వచ్చిన బిడ్డ అక్కడ ఆగి, అవతల నుంచున్న తల్లి వంక చూసేది. తల్లి నవ్వుముఖంతో వుంటే 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. భయపడ్డట్టు ముఖం పెడితే 17 మందిలో వొక్కరూ దాటలేదు. తల్లి నోరు విప్పలేదు సుమండీ!

అయితే చిక్కెక్కడుంది? ముఖం మారిందని పిల్లలు ఇట్టే పసిగడతారు. ఎందుకు మారిందో వాళ్ళకు తెలియదు. తెలియనప్పుడు తప్పు తమదే కాబోలు అనుకుంటారు. మా పరవాడలో దీన్ని రోజూ చూస్తూనే వున్నాను. ఇక్కడ సింహాద్రి విద్యుత్ కేంద్రంలోనూ, ఫార్మా సిటీలోనూ షిఫ్టుల మీద పనిచేసేవాళ్ళు ఎక్కువ. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన తండ్రికి కళ్ళు ఎర్రబడి వుంటాయి, మాట ముక్తసరిగా వుంటుంది. "నాన్నకి నామీద కోపమేటి?" అని పిల్ల బిక్కమొహం వేస్తుంది. "కోపం కాదమ్మా, రాత్రంతా నిద్ర లేదు. రెప్పలు ఎలా వాలిపోతున్నాయో చూడు. కోపమొస్తే కనుబొమలు ముడిపడవూ?" అంటే చాలు. అలసటకూ, కోపానికీ తేడా వొక్క మాటతో తెలిసిపోతుంది.

ఇంతకన్న పెద్ద చిక్కు మనం చేతులారా తెచ్చిపెట్టేది. 2020 జూన్ నెలాఖరులో ఇక్కడి ఫార్మా సిటీలో విషవాయువు వెలువడి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి వార్త వచ్చిన పూట, డ్యూటీకి వెళ్ళిన మనిషి ఫోను కోసం కాచుక్కూచున్న ఇల్లాలి ముఖం ఎలా వుంటుందో వేరే చెప్పాలా? "ఏమైందమ్మా?" అని పిల్ల అడిగితే, "ఏమీ లేదు, పోయి ఆడుకో" అంటాం. బిడ్డకు బెంగ లేకుండా చేశామనుకుంటాం. నిజానికి ఆ పిల్ల సరిగ్గానే చదివింది. తప్పు చదివావని మనమే చెప్పాం!

తన కంటిని తాను నమ్మకూడదని నేర్చుకున్న పిల్ల, రేపు ఏ పెద్దమనిషి దగ్గరో వొళ్ళు ముడుచుకుపోయినా ఆ బెదురునూ నమ్మదు. ఇంట్లో చెప్పనూ చెప్పదు. చుట్టం ఎత్తుకోబోతే వెనక్కు జరిగే బిడ్డను, "తప్పు, ముద్దు పెట్టు" అని ముందుకు తోసే అలవాటు మానుకుందాం. ఆ వెనక్కు జరగడం కూడా వొక మాటే.

మరి ఏమనాలి? "అవునమ్మా, నాకు కాస్త భయంగా వుంది. నాన్న ఫోను కోసం చూస్తున్నాను. నీమీద కోపం లేదు" అనండి. మూడు ముక్కలు. పిల్లలు నిజాన్ని తట్టుకోగలరు.

ఇక నేర్పడానికి వేరే సామగ్రి అక్కరలేదు. మూతి ముడిచింది, ముఖం చిన్నబుచ్చుకుంది, కళ్ళెర్రజేశాడు, పళ్ళు కొరికాడు, నోరు వెళ్ళబెట్టాడు – మన తెలుగు మాటల్లోనే పాఠాలన్నీ వున్నాయి. కథ చెప్తూ ఆ ముఖాలు పెట్టి చూపించండి, పిల్లలచేత పెట్టించండి. ఈ పత్రికలోని సీరియల్ బొమ్మ చూపి, కింద మాటలు చేత్తో మూసి, "ఈవిడ ఏమనుకుంటోంది?" అని అడగండి. ఇది కొత్త విద్య కాదు. నందికేశ్వరుని 'అభినయ దర్పణం' తలకు 9, చూపుకు 8, మెడకు 4 భేదాలు చెప్పింది. ఆ గ్రంథాన్ని 1917లో ఆనంద కుమారస్వామిగారితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చింది మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారే.

వొక్క జాగ్రత్త. ముఖం చూసి తీర్పు చెప్పడం నేర్పకండి, అడగడం నేర్పండి. సిగ్గుకూ నవ్వుతాం, బాధ దాచుకోవడానికీ నవ్వుతాం. "నీకు కోపం వచ్చిందా, బాధగా వుందా?" అని అడగగలిగిన పిల్లవాడు సగం స్నేహం సంపాదించినట్టే.

ఇంత చెప్పినా కొందరు పిల్లలకు ఇది పట్టుబడదు. పేరుపెట్టి పిలిచినా తిరగరు, కళ్ళలోకి చూడరు, మాట ఆలస్యమవుతుంది. అది మొండితనం కాదు, పెంపకం లోపమూ కాదు. గడ్డం పట్టి "నా కళ్ళలోకి చూడు" అని గద్దించకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో ఎదుగుదల లోపాలకు పరీక్షలు వున్నాయి. ముందుగా కనిపెడితే మేలు.

ఈసారి పిల్లలిద్దరు కొట్టుకున్నప్పుడు, "సారీ చెప్పు" అని వెంటనే అనకండి. "ముందు తమ్ముడి ముఖం చూడు" అనండి. చూశాక, సారీ సంగతి వాళ్ళకే వదిలెయ్యండి.