తెలిసినవాళ్లే ముందు మానేశారు

'కన్యాశుల్కం'లో వెంకటేశం గిరీశం దగ్గర ఏం నేర్చుకున్నాడు? ఇంగ్లిషు మాటెలా ఉన్నా చుట్ట కాల్చడం మాత్రం బాగానే వంటబట్టింది. ఆ రోజుల్లో చదువూ పొగా జోడీగా నడిచేవి. నాలుగు ఇంగ్లిషు ముక్కలొచ్చిన బాబు చేతిలో చుట్టో సిగరెట్టో ఉంటే అదో దర్జా!

ఇప్పుడా లెక్క తిరగబడింది. చాలా దేశాల్లో చదువు పెరిగేకొద్దీ పొగతాగేవారు తగ్గిపోతున్నారు. బడికి దూరమైనవారినే ఆ అలవాటు వదలడం లేదు. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే ఓసారి బ్రిటన్ వెళ్లిరావాలి.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజులు. అక్కడి మగవాళ్లలో నూటికి ఎనభై మంది పొగరాయుళ్లే. జమీందారూ తాగేవాడు, గని కార్మికుడూ తాగేవాడు. వైద్యం చేసే డాక్టర్లూ అంతే! మరోపక్క ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఏటికేడు పెరుగుతున్నాయి. కారణం కనిపెట్టే పని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ చేపట్టారు. డాల్‌కి మొదట అనుమానం వచ్చింది కార్ల పొగ మీద, రోడ్లకు వేసే తారు మీద.

లండన్ ఆసుపత్రుల్లో రోగులను ఒక్కొక్కరినీ ప్రశ్నించాక అసలు దొంగ దొరికాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్లలో పొగ అలవాటు లేనివారు ఇద్దరంటే ఇద్దరే! లెక్కలు తేలుతుండగానే డాల్ తానూ పొగ మానేశాడు. 1950లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

మరుసటి ఏడాది ఆ ఇద్దరూ దేశంలోని డాక్టర్లందరికీ ఉత్తరాలు రాశారు. 'మీరు పొగతాగుతారా? ఎంత?' అన్నది ప్రశ్న. 40 వేల మంది జవాబిచ్చారు. వారిలో మగ డాక్టర్లను యాభై ఏళ్లపాటు గమనిస్తే 2004లో తేలిందిది: సిగరెట్లు మానని వారు సగటున పదేళ్లు ముందే పోతున్నారు. ముప్పయ్యో ఏట మానేస్తే ఆ పదేళ్లూ దాదాపుగా దక్కుతాయి. యాభైలో మానితే ఆరేళ్లు, అరవైలో మానినా మూడేళ్లు మిగులు.

ఈ లెక్కలు ముందు చదివింది డాక్టర్లే. పెద్దసంఖ్యలో ముందు మానిందీ వారే. తర్వాత వరుసగా చదువుకున్న కుటుంబాలు. పొగ మాత్రం కింది మెట్ల మీదే ఆగిపోయింది. బ్రిటన్‌లో 2019 నాటికి, డిగ్రీ ఉన్నవారితో పోలిస్తే ఏ చదువూ లేనివారిలో పొగతాగేవారు మూడు రెట్లకు పైనే.

అలాగని డిగ్రీ కాగితం తాయెత్తేమీ కాదు. కాలేజీ గేటు పక్క బడ్డీకొట్టు దగ్గరకెళ్తే ఆ సంగతి తెలిసిపోతుంది. చదువుకున్నవారికి కబురు ముందు అందుతుంది. చుట్టూ నలుగురు మానేస్తుంటే మానడమూ తేలికవుతుంది. రోజంతా బరువులు మోసేవాడికి బీడీయే విశ్రాంతి. పక్కనున్న పదిమందీ అదే వెలిగిస్తుంటే ఎవర్ని చూసి మానాలి?

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో 'అడ్డపొగ' సంగతి తెలిసిందే. మండే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. దీనివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని పరిశోధకులు తేల్చి దశాబ్దాలైంది. ఆ కబురు డాక్టర్లకు చేరినంత వేగంగా చుట్ట కాల్చే అవ్వలకు చేరలేదు.

2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్టు తాగేవారు 4 శాతం. అక్షరం రానివారికీ ప్రమాదం అర్థం కావాలనే 2009 నుంచి పెట్టెల మీద బొమ్మలు వేస్తున్నారు. 2016లో వాటిని పెట్టెలో 85 శాతానికి పెంచారు. మానాలనుకునేవారికి సాయంగా 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరూ దానిమీదే ఉంటుంది.

కానీ ఫోన్ కలిపి తాత చేతికిచ్చేదెవరు? ఇంట్లో చదువుకున్న మనవడో మనవరాలో! కోప్పడితే పెద్దాయన పెరట్లోకెళ్లి వెలిగించుకుంటాడు. పక్కన కూర్చుని 'ఇప్పుడు మానినా మూడేళ్లు మిగులుతాయి తాతయ్యా' అంటే ఒక్క క్షణమైనా ఆలోచిస్తాడు.

చదువు చెబుతానని వచ్చి చుట్ట అంటించాడు గిరీశం. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఒక్క చుట్టనైనా ఆర్పించగలిగితే ఆ పాత బాకీ తీరినట్టే!