తెర ఎవరిది? చూపు ఎవరిది?

కళ్యాణదుర్గం ప్రాంతంలో వాన మీద నమ్మకం లేదు. అందుకే చేతికొచ్చే ప్రతి రూపాయికీ విలువ ఎక్కువ. వేరుశనగ ఎండిపోయిన ఏడాది మగవాళ్లు, చాలా ఇళ్లలో దంపతులిద్దరూ, బెంగుళూరుకి పనికి పోతారు. ఆ కూలి డబ్బు ఇప్పుడు ఫోన్ ద్వారానే ఇంటికి చేరుతోంది. డ్వాక్రా పొదుపు, అప్పు వాయిదా, ఉపాధి కూలి కూడా ఆడమనిషి పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతా గుండానే నడుస్తున్నాయి. ఖాతా ఆమెదే. మరి ఆ ఖాతా కనబడే తెర ఎవరిది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తామే వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు సుమారు 82 శాతం. తామే వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్నవాళ్లు దాదాపు 49 శాతం. ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం మాత్రమే. మగవాళ్లలో ఇంటర్నెట్ వాడినవాళ్లు 49 శాతం. ఆ తర్వాతి ఏళ్లలో ఫోన్లు పెరిగాయి కానీ ఈ అంకెలు చెప్పే విషయం పాతబడలేదు. స్త్రీ కంటే ముందు స్త్రీ డబ్బు తెర మీదికి వెళ్లిపోయింది.

కాబట్టి ఆమె ఏం చేస్తుంది? ఫోన్ కొడుకు చేతికిస్తుంది. పక్కింటి పిల్లవాడికిస్తుంది. నెట్ సెంటర్లో కూర్చున్న అబ్బాయికిస్తుంది. "కొంచెం చూసి పెట్టు నాయనా" అంటుంది. తన లెక్క తాను చూసుకోవడానికి మరొకరి కళ్లు కావాలని ఆమెకు మొదటి నుంచీ అలవాటు చేశాం. ఈ అలవాటు మీదే ఈనాటి మోసం పునాది వేసుకుంది.

స్క్రీన్ షేరింగ్ అంటే మన ఫోన్ మీదో కంప్యూటర్ మీదో కనబడేదంతా ఎక్కడో ఉన్న మరొకరు అదే క్షణంలో చూడటం. 2020 లాక్‌డౌన్ రోజుల్లో మన సమావేశాలూ శిక్షణలూ ఈ సౌకర్యం వల్లనే ఆగకుండా సాగాయి. చెడిపోయిన కంప్యూటర్‌ను దూరం నుంచి బాగుచేసే యాప్‌లూ ఇలాంటివే. అయితే ఏదో ఒక సాకుతో ఎనీడెస్క్ యాప్ పెట్టించి, దాని సంకేతం చెప్పించుకుని ఖాతాలు ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది. 2023 ఆగస్టు నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లోనే తెర చూపించే వీలు వచ్చింది. ఇక వేరే యాప్ అవసరం కూడా లేదు.

"ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు" అని ఊరూరా చెప్పాం. ఆమె చెప్పలేదు. తెర తెరిచి ఉంది గనుక వచ్చిన ఓటీపీని వాడే చదువుకున్నాడు. నోటికి కాపలా పెట్టిన మనం కంటికి కాపలా పెట్టలేదు.

డబ్బు పోయాక జరిగేది మనకు బాగా తెలిసిన కథే. "నువ్వెందుకు చూపించావు?" అని ఇంట్లో అడుగుతారు, బ్యాంకులో అడుగుతారు, పోలీసు స్టేషన్లో అడుగుతారు. స్త్రీల మీద జరిగే ప్రతి నేరంలోనూ ముందు స్త్రీనే నిలదీసే సమాజం ఇక్కడ మాత్రం మారుతుందా? ఆ నిందకు భయపడి ఆమె రెండు మూడు రోజులు నోరు విప్పదు. చేతి నుంచి జారిపోకూడనివి సరిగ్గా ఆ రోజులే. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే సొమ్ము ముందుకు పోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. 1930 నంబరు ఉన్నది ఇందుకే.

2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు, అనుమతి లేని లావాదేవీలో ఖాతాదారుదే బాధ్యత అని రుజువు చేసే భారం బ్యాంకు మీదే పెట్టింది. అదే ఉత్తర్వు ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిన సొమ్మును, ఫిర్యాదు చేసేదాకా, ఖాతాదారే భరించాలనీ అన్నది. చదువు రానివ్వక, ఫోన్ చేతికివ్వక, ఖాతా మాత్రం తెరిపించిన వ్యవస్థ ఆమె మోసపోతే దాన్ని నిర్లక్ష్యం అని పిలవవచ్చునా? మన సంఘాలు గట్టిగా అడగవలసిన ప్రశ్న ఇది.

మన ఇంటి సంగతీ చూసుకోవాలి. ఆన్‌లైన్ సమావేశంలో నివేదిక చూపిస్తూ కంప్యూటర్ తెర మొత్తం పంచుతాం. పక్కనే తెరిచి ఉన్న కౌన్సెలింగ్ జాబితాలో బాధితురాలి పేరు, ఊరు, కులం పదిమందికీ కనబడతాయి. అత్యాచార బాధితురాలి గుర్తింపును ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం. చట్టం మాట అటుంచి, మనల్ని నమ్మి చెప్పుకున్న స్త్రీ పట్ల మన బాధ్యత అంతకంటే పెద్దది. చూపవలసిన ఒక్క కాగితాన్నే పంచాలి. మిగిలినవి ముందే మూసేయాలి. సమావేశాన్ని రికార్డు చేసే ముందు అందరి అనుమతి తీసుకోవాలి.

అంటే తెరలన్నీ మూసుకోవాలని కాదు. ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీల్లో మస్టరు రోల్ లెక్కలను ఊరందరి ముందు బిగ్గరగా చదివారు. చేయని పనికి ఎవరి పేరు రాశారో, చేసిన పనికి ఎవరి కూలి ఎగ్గొట్టారో కూలి స్త్రీలే లేచి చెప్పారు. అధికారం తన లెక్కను ప్రజలకు చూపడం పారదర్శకత. అపరిచితుడు పేదరాలి లెక్కను చూడటం దోపిడీ. ఈ రెండింటికీ తేడా చెప్పగలిగేది అధికారం ఎటువైపు ఉన్నదన్న ప్రశ్నే. తన ఆంతరంగికతను కాపాడుకోవడం ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ హక్కు కళ్యాణదుర్గం కూలి స్త్రీ ఫోన్ దాకా రావాలి.

అందుకు జాగ్రత్తల పోస్టర్లు చాలవు. సంఘం సమావేశంలో పొదుపు లెక్కతో పాటు ప్రతి సభ్యురాలూ తన ఫోన్‌లో తన ఖాతాను తానే తెరిచి చూడటం నేర్చుకోవాలి. తెర పంచుతున్నప్పుడు కనబడే గుర్తు ఏదో, దాన్ని ఆపే మీట ఎక్కడో చేత్తో నొక్కి తెలుసుకోవాలి. డబ్బు పోయిన స్త్రీ భయం లేకుండా మొదట సంఘానికే చెప్పుకునేలా ఉండాలి. ఆమెతో పాటు బ్యాంకుకీ స్టేషన్‌కీ నలుగురు నడవాలి. "ఎందుకు చూపించావు?" అన్న ప్రశ్న మన నోటి నుంచి మాత్రం రాకూడదు.