కాంటకాడ ఎవరి మనిషి?

రామగుండంలో భాగ్యనగర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే సికింద్రాబాద్ చేరేలోగా సగం నవల అయిపోతుంది. అమెరికా నవలలు నేను చదివింది ఎక్కువగా ఆ దారిలోనే. పోయిన నెల చేతిలో ఉన్నది అప్టన్ సింక్లేర్ ‘కింగ్ కోల్’, 1917 నాటిది. అట్ట మీద దీపం టోపీ బొమ్మ చూసి ఎదుటి సీటు పెద్దాయన “ఏం కథ సారూ అది?” అని అడిగాడు. కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరైన మనిషి.

చెప్పాను. కొలరాడో కొండల్లో బొగ్గు బాయిలు. ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది. తవ్విన బొగ్గు తూకాన్ని బట్టి కూలి, ఆ తూకంలో మోసం. కాంటా దగ్గర తమ మనిషి ఒకడు ఉండాలని కార్మికులు అడుగుతారు.

“కాంటకాడ ఎవలి మనిషుంటే లెక్క వాళ్లదే గదా” అన్నాడాయన. టబ్బుల లెక్కన కూలి తీసుకున్న మనిషికి ఆ సంగతి విడమరిచి చెప్పే పని పడలేదు.

ఆ నవల వెనకున్న దుఃఖం నిజమైనది. కొలరాడో సమ్మెలో 1914 ఏప్రిల్ 20న లడ్లో గుడారాలు తగలబడ్డాయి. ఒక గుడారం కింద తవ్వుకున్న గుంతలో దాక్కున్న 11 మంది పిల్లలు, ఇద్దరు తల్లులు చనిపోయారు. అయినా నవల నన్ను పూర్తిగా కదిలించలేదు. కథానాయకుడు హాల్ వార్నర్ పెద్దింటి పిల్లవాడు, పేరు మార్చుకుని బాయి దిగాడు. విసుగొస్తే వెళ్లిపోవచ్చు. కర్రల మీద కప్పు బరువు పడుతున్న చప్పుడు కనిపెట్టే చెవి అతనికి లేదు. తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ రాసిన సింగరేణి కథల్లో ఆ చెవి ఉంది.

స్టైన్‌బెక్ వేరు. ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ (1939) మొదట్లో ఒక ట్రాక్టరు కౌలు రైతు ఇంటి మీదికి వస్తుంది. నడిపేది పరాయివాడు కాదు, తెలిసినవాళ్ల కొడుకే. రోజుకు మూడు డాలర్లు వస్తున్నాయి, ఇంట్లో పిల్లలున్నారు. రైతు తుపాకి పట్టుకుని ఎవణ్ణి కాల్చాలని అడుగుతాడు. డ్రైవర్ వెనక బ్యాంకు, దాని వెనక ఇంకెవరో ఎక్కడో తూర్పున. ఓసీపీ కింద ఊరు పోయిన ఏ మనిషికైనా ఈ నాలుగు పేజీలు చదివి వినిపించండి, ఓక్లహామా ఎక్కడుందని అడగడు. నా దృష్టిలో అమెరికా నవల అంత ఎత్తుకు పోయిన చోట్లు తక్కువ. హెమింగ్వే నాకు ఎప్పుడూ దగ్గర కాలేదు. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ మాత్రం ఇరవై ఏళ్ల వయసులో రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు.

మన ఎన్‌టీపీసీ మిత్రుల కోసం ఫాక్‌నర్ సంగతి ఒకటి. ‘యాజ్ ఐ లే డయింగ్’ ఆయన 1929 చివర్లో, మిసిసిపీ విశ్వవిద్యాలయం కరెంటు ప్లాంటులో నైట్ డ్యూటీ చేస్తూ కొద్ది వారాల్లో రాశాడు. బొగ్గు ఎత్తిపోసే పని మధ్య, తిరగేసిన తోపుడుబండిని బల్ల చేసుకుని రాశానని తర్వాత చెప్పుకున్నాడు. తల్లి శవాన్ని బండి మీద వేసుకుని పోయే ఒక పేద కుటుంబం కథ అది. నైట్ షిఫ్టులో నోట్‌బుక్కు వెంట పెట్టుకునే కుర్రవాళ్లు మన దగ్గరా ఉన్నారు. వాళ్లు ఈ నవల చదవాలని నాకు గట్టి కోరిక.

జమ్మికుంట దగ్గర పడుతుంటే పెద్దాయన మళ్లీ అడిగాడు. “ఆఖరికి ఆ పిల్లగాడు ఏమైండు?”

“తిరిగి సదువుకు పోయిండు కాకా.”

“మరి బాయిల ఉన్నోళ్లు?”

సమ్మె నిలబడలేదని చెప్పాను. ఆయన కాసేపు బయటికి చూసి, తాను మొదటిసారి బాయి దిగిన రోజు గురించి మొదలుపెట్టాడు. క్యాప్ ల్యాంపు ఆర్పించి, “ఇగ ఇను, కండ్లతోని గాదు” అని పక్కన నిలబడ్డ సర్దారు గురించి. స్టేషన్ వచ్చేసరికి సగమే అయింది. మిగతా సగం ఫోన్లో చెప్పించుకుని రాసుకున్నాను. ఆయన మాటల్లోనే, ఒక్క అక్షరం దిద్దకుండా, వచ్చే సంచికలో వేస్తున్నాం.